సంఘమే సంత అయినప్పుడు: డెన్మార్క్ మింక్ రైతుల సంఘం ఎలా పెరిగింది, ఎలా మూతపడింది

డెన్మార్క్ ప్రధాని మెటె ఫ్రెడెరిక్సెన్ 2020 నవంబర్ 4న విలేకరుల ముందుకొచ్చి, ఫర్ (బొచ్చు తోలు) కోసం దేశంలో పెంచుతున్న మింక్ అనే చిన్న జంతువులన్నిటినీ చంపేయాలని ప్రకటించారు. కరోనా వైరస్ ఆ జంతువుల్లో మార్పు చెంది తిరిగి మనుషులకు సోకుతోందన్నది కారణం. సరిగ్గా ఎనిమిది రోజులకు, నవంబర్ 12న, మింక్ రైతుల సంఘం నడిపే వేలం సంస్థ ‘కోపెన్‌హాగెన్ ఫర్’ రెండు మూడేళ్లలో పూర్తిగా మూసేస్తామని చెప్పింది. అప్పటికి జంతువులను చంపడం పూర్తి కాలేదు. ఆ ఉత్తర్వుకు చట్టబలం లేదన్న గొడవ అప్పుడప్పుడే రాజుకుంటోంది. పరిహారం ఎంతో ఎవరికీ తెలియదు. అయినా ప్రపంచంలోకెల్లా పెద్ద ఫర్ వేలం సంస్థ ఇంకేమీ తేలేదాకా ఆగలేదు.

సంఘం అనగానే మనకు గుర్తొచ్చేవి వినతిపత్రాలు, ధర్నాలు, ఏడాదికో మహాసభ. అలాంటి సంఘం ఎంత కష్టకాలంలోనైనా బోర్డు పీకేయదు, అవసరం కూడా ఉండదు. డెన్మార్క్ సంఘానికి ఆ అవసరం ఎందుకొచ్చింది?

క్లుప్తంగా: డెన్మార్క్ మింక్ సంఘం రైతుల తరఫున మాట్లాడి ఊరుకున్న సంస్థ కాదు. తోళ్ల గ్రేడింగ్, వేలం, రైతులకు అడ్వాన్సులు, జబ్బు పరీక్షలు, ఫారాల తనిఖీ పథకం, ప్రభుత్వంతో బేరం అన్నీ దాని చేతిమీదుగానే నడిచాయి. సంఘానికీ సంతకూ మధ్య గోడ లేదు. చిన్న దేశపు రైతులు ప్రపంచ మార్కెట్‌ను శాసించింది అందువల్లే. జంతువులను చంపేయాలన్న వారం తిరగ్గానే మొత్తం వ్యవస్థ మూసివేత దారి పట్టిందీ అందువల్లే. నెదర్లాండ్స్, ఫిన్లాండ్, కెనడా అనుభవాలతో పోల్చి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది.

మింక్ ఏడాది

మింక్ నీటికుక్కల కుటుంబానికి చెందిన చిన్న మాంసాహారి. ఒళ్లు ముంగిసలా పొడుగ్గా ఉంటుంది, బొచ్చు మాత్రం చాలా ఒత్తు. పుట్టిల్లు ఉత్తర అమెరికా. 1920ల్లో డెన్మార్క్‌కు చేరింది. అక్కడ దానికి కలిసొచ్చింది వాతావరణం ఒక్కటే కాదు, తిండి కూడా. చేపల పరిశ్రమలో, కోళ్ల, పందుల కబేళాల్లో మనుషులు తినకుండా మిగిలేదంతా రుబ్బి మింక్ మేత చేసేవారు. ఈ మేత తయారు చేసే ‘వంటశాలలు’ కూడా చాలావరకు రైతుల సహకార సంస్థలే. చేపలు, పందుల ఎగుమతిలో ఆరితేరిన దేశానికి చవకగా మేత దొరకడం వింతేం కాదు.

మార్చిలో జత కట్టిస్తారు. ఏప్రిల్ చివర, మే మొదట్లో పిల్లలు పుడతాయి. చలికాలపు బొచ్చు పూర్తిగా వచ్చే నవంబర్ నాటికి వాటిని గ్యాస్‌తో చంపి తోలు తీస్తారు. మరుసటి ఏటి సంతానానికి కావలసిన జంతువులను మాత్రం ఉంచుకుంటారు. తీసిన తోలు శుభ్రమై, ఆరి, వేలానికి చేరి, డబ్బు చేతికొచ్చేసరికి ఇంకో ఏడాది సగం గడిచిపోతుంది. ఏడాది పొడవునా మేత ఖర్చు, కూలి ఖర్చు, ఆదాయం మాత్రం ఒకేసారి. మిర్చి రైతుకో పొగాకు రైతుకో ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు.

2020లో అక్కడ వెయ్యికి పైగా ఫారాలు, కోటిన్నర నుంచి కోటీ డెబ్బై లక్షల దాకా మింక్‌లు ఉన్నాయని అంచనా. దేశ జనాభా 58 లక్షలు. మనిషికి మూడు మింక్‌లు దాకా తేలతాయి. ఫారాల్లో ఎక్కువ భాగం జుట్‌ల్యాండ్ ద్వీపకల్పంలోనే.

రైతు పేరు కరిగిపోయే చోటు

డెన్మార్క్ ఫర్ జంతువుల పెంపకందారుల సంఘం 1930లో పుట్టింది. పాలు, వెన్న, పంది మాంసంలో అప్పటికే వేళ్లూనిన సహకార పద్ధతినే ఫర్ రైతులూ పట్టుకున్నారు. వేలం సంస్థకు వేరే యజమానులు లేరు. తోళ్లు తెచ్చే రైతులే యజమానులు. కోపెన్‌హాగెన్ శివార్లలోని గ్లోస్ట్రప్‌లో ఉన్న వేలంశాలే సంఘం ప్రధాన కార్యాలయం. ‘కోపెన్‌హాగెన్ ఫర్’ అన్నది ఆ సంఘం బజారులో పెట్టుకున్న పేరు.

దాని అసలు బలం వేలం పాటలో కాదు, పాటకు ముందు జరిగే గ్రేడింగ్‌లో ఉండేది. గుంటూరు మిర్చి యార్డులో రైతు టిక్కీలు రైతు పేరుతోనే ఉంటాయి. కొనేవాడు గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుని, ఆ రైతు సరుకుకే ధర చెబుతాడు. పొగాకు వేలం కేంద్రంలోనూ అంతే, ఏ రైతు బేలు ఆ రైతుదే. గ్లోస్ట్రప్‌లో అలా ఉండేది కాదు. అన్ని ఫారాల తోళ్లు ఒకచోట కుప్పపడేవి. ప్రతి తోలుకూ ఒక గుర్తింపు కోడ్. ఆడదా మగదా, పొడవెంత, రంగు ఏ ఛాయ, వెంట్రుక పొట్టిదా పొడుగుదా, ఒత్తెంత, మచ్చలున్నాయా అన్నవి యంత్రాలూ, ప్రత్యేకమైన వెలుతురులో కూర్చున్న నిపుణులూ కలిసి తేల్చేవారు. చివరికి అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న తోళ్లన్నీ ఒక లాట్‌లో చేరేవి. ఒకే లాట్‌లో ఎందరో రైతుల సరుకు ఉండొచ్చు. డబ్బు లెక్క మాత్రం కోడ్ ఆధారంగా ఎవరిది వారికి చేరేది.

ఇంత తంటా ఎందుకంటే, ఒక కోటు కుట్టాలంటే పదుల కొద్దీ తోళ్లు కావాలి, అవన్నీ ఒకే రంగులో, ఒకే ఒత్తులో ఉండాలి. ఒక్క రైతు దగ్గర అంత సరిపోలిక దొరకడం కష్టం. లక్షల తోళ్లు కలిస్తేనే వందల రకాలుగా విడదీసి ప్రతి రకంలోనూ కొనేవాడికి చాలినంత సరుకు చూపించగలం. అంటే సరుకు ఎంత ఎక్కువైతే గ్రేడింగ్ అంత సన్నగా చేయొచ్చు. గ్రేడింగ్ ఎంత సన్నగా ఉంటే ధర అంత బాగుంటుంది. ధర బాగున్న చోటికే ఇతర దేశాల రైతులు కూడా తోళ్లు పంపుతారు, దాంతో సరుకు మళ్లీ పెరుగుతుంది. పొరుగు దేశాల వేలంశాలలను దాటి కోపెన్‌హాగెన్ ముందుకు పోవడానికి ఈ గొలుసే ముఖ్య కారణం.

కొనుగోలుదారులు ప్రతి తోలూ చూసేవారు కాదు. ఒక రకం నుంచి నమూనా లాట్ చూసి, ఆ వరుసలోని మిగతా లాట్లకు గ్రేడింగ్ మీద నమ్మకంతో పాట పాడేవారు. వాళ్లు నమ్మింది రైతును కాదు, సంఘం వేసిన ముద్రను. నాణ్యతను బట్టి పర్పుల్, ప్లాటినం, బర్గండీ, ఐవరీ అని సంఘం తన సొంత లేబుళ్లు కూడా పెట్టింది. చైనాలో ఆ లేబుళ్లకు గిరాకీ పెంచడానికి ప్రచారం చేసింది, అక్కడి డిజైన్ విద్యార్థులతో కలిసి పనిచేసింది. ఊరి సహకార సంఘం అనుకుంటే పొరపాటు, అప్పటికే అది లగ్జరీ బ్రాండ్ల తోవ పట్టింది.

అడ్వాన్సు అనే దారం

రైతును సంఘానికి కట్టిపడేసింది ఓటు హక్కు కన్నా అడ్వాన్సు. పిల్లలు పుట్టాక, వాటి లెక్క చూసి, రాబోయే తోళ్ల మీద వేలం సంస్థ ముందుగా కొంత డబ్బిచ్చేది. మేత బిల్లు దాంతో గడిచేది. తోళ్లు అమ్ముడయ్యాక ఆ మొత్తం పట్టుకుని మిగతాది చెల్లించేవారు. మన యార్డుల్లో కమీషన్ ఏజెంటు చేసే పనే ఇది. తేడా ఒక్కటే, డెన్మార్క్‌లో అప్పిచ్చేవాడూ అమ్మిపెట్టేవాడూ రైతుల సొంత సంస్థే, కాబట్టి మిగిలిన లాభం తిరిగి రైతుల మధ్యకే వచ్చేది.

ధరలు పెరిగే కాలంలో ఇది అందరికీ లాభం. పడే కాలంలో పులి మీద స్వారీ. ఉత్తర అమెరికాలో ఏం జరిగిందో చూస్తే చాలు. టొరంటో కేంద్రంగా నడిచిన ‘నార్త్ అమెరికన్ ఫర్ ఆక్షన్స్’ కూడా మింక్ రైతులకు ఇలాగే అప్పులిచ్చేది. ధరలు కుంగాయి, రైతుల బాకీలు మొండికెక్కాయి, సంస్థకు అప్పిచ్చిన బ్యాంకులు వెనక్కు తగ్గాయి. 2019 అక్టోబర్ చివర అది అప్పులవాళ్ల నుంచి రక్షణ కోరుతూ కోర్టు మెట్లెక్కింది. అప్పటికి కరోనా పేరే ఎవరూ వినలేదు. ఫర్ వేలం వ్యాపారాన్ని మహమ్మారి ఒక్కటే ముంచిందనే మాటను ఈ తేదీ దగ్గర పెట్టుకుని వినాలి.

డెన్మార్క్ కూడా ఆ ధరల పతనం చూసింది. చైనా కొత్త ధనవంతుల గిరాకీతో 2013లో మింక్ ధరలు ఎన్నడూ లేనంత పైకి పోయాయి. ఆ ఏడు డెన్మార్క్ తోళ్ల ఎగుమతి 10 బిలియన్ (వెయ్యి కోట్ల) డెన్మార్క్ క్రోనర్లు దాటింది. అది చూసి డెన్మార్క్‌లో, పోలండ్‌లో, చైనాలోనే కూడా ఫారాలు పెరిగాయి. మూడేళ్లు తిరక్కుండా ధర సగానికన్నా కిందికి జారింది. ఒక ఏడు రేటు పలికితే మరుసటి ఏడు ఊరంతా అదే పంట వేసిన కథే ఇది. ధర ఇచ్చే సంఘానికి ఉత్పత్తిని ఆపే అధికారం లేదు. ఆ కోరిక కూడా అంతగా ఉండదు, ఎందుకంటే కమీషన్ వచ్చేది అమ్ముడైన తోళ్ల మీద. రైతుల సంఘం అన్న పాత్రకూ వేలం సంస్థ అన్న పాత్రకూ మధ్య పొత్తు కుదరని చోటు ఏదైనా ఉంటే ఇదే.

జబ్బుల మీద నిఘా

2020 గొడవలో మరుగున పడిపోయిన విషయం ఒకటుంది. అంటువ్యాధుల అదుపులో ఈ సంఘానికి చాలా పాత అనుభవం ఉంది. మింక్‌లకు వచ్చే అలూషియన్ జబ్బును డెన్మార్క్‌లో ప్లాస్మాసైటోసిస్ అంటారు. ఒక వైరస్ వల్ల వచ్చే ఈ జబ్బుకు మందు లేదు, టీకా లేదు. సోకిన జంతువులను ఏరివేయడమే దారి. సంఘం 1970ల నుంచే సొంత ప్రయోగశాలలో మింక్ రక్తనమూనాలు పరీక్షిస్తూ వచ్చింది. ఏటా లక్షల కొద్దీ నమూనాలు. తర్వాతి రోజుల్లో ఆ నియంత్రణ చట్టపరమైన విధిగా మారింది. పరీక్షలు మాత్రం సంఘం ప్రయోగశాల చేతిలోనే సాగాయి.

ఫలితం చెప్పుకోదగ్గదే. దేశంలో చాలా ప్రాంతాలు ఆ జబ్బు నుంచి బయటపడ్డాయి, ఉత్తర జుట్‌ల్యాండ్‌లో మాత్రం అది మొండిగా ఉండిపోయింది. కరోనా కూడా మొదట అంటుకుంది అదే ప్రాంతంలో. ఫారాలు దగ్గర దగ్గరగా ఉండటం, మనుషులూ బళ్లూ ఒక ఫారం నుంచి ఇంకో ఫారానికి తిరగడం, రెండు జబ్బులకూ కలిసొచ్చిన పరిస్థితులు.

కానీ పాత జబ్బుకూ కొత్త జబ్బుకూ మౌలికమైన తేడా ఉంది. ప్లాస్మాసైటోసిస్ వల్ల నష్టపోయేది రైతు. అందుకే దాన్ని అదుపు చేయడంలో రైతుల సంఘం కన్నా శ్రద్ధ చూపేవాళ్లు ఉండరు. కరోనాలో నష్టం ఫారం గోడ దాటి సమాజం మీద పడుతుంది. అలాంటప్పుడు నిర్ణయం ఆరోగ్యశాఖ చేతిలోకి పోతుంది, సంఘానికి ఉన్న నైపుణ్యం సలహా స్థాయికి కుదించుకుపోతుంది.

తన తప్పులు తానే దిద్దుకునే పద్ధతి

జంతు సంక్షేమంలోనూ పరిశ్రమ ఇదే బాట పట్టింది. బయటివాళ్లు నియమం పెట్టేలోగా మనమే పెట్టుకుందామన్న ఆలోచన. 2009లో యూరప్ ఫర్ రైతుల సమాఖ్య ‘వెల్‌ఫర్’ అనే పథకం మొదలుపెట్టింది. విశ్వవిద్యాలయాల పరిశోధకులు కొలమానాలు తయారు చేశారు. మింక్ ఫారాన్ని ఏడాదిలో మూడు కాలాల్లో తనిఖీ చేసి మార్కులు వేస్తారు. గాయాలు, ఒళ్లు, గూడు, భయం, ఒకే కదలికను మళ్లీ మళ్లీ చేసే అలవాటు లాంటివి చూస్తారు. తనిఖీ చేసేది బయటి సంస్థ. ధ్రువపత్రం లేని ఫారం తోళ్లను యూరప్ వేలంశాలలు అమ్మవన్నది చివరి మెలిక. చట్టం కన్నా ఇదే గట్టిది, వేలంశాల తలుపు మూసుకుంటే రైతుకు ఇంకో దారి లేదు కదా.

విమర్శ కూడా అక్కడి నుంచే మొదలైంది. ఈ మార్కులు ఒక ఫారాన్ని ఇంకో మంచి ఫారంతో పోలుస్తాయి. పంజరం అనే పద్ధతినే తూకం వేయవు. ఐరోపా మండలి 1999 సిఫార్సు ప్రకారం మింక్ పంజరం నేల 2,550 చదరపు సెంటీమీటర్లు, ఎత్తు 45 సెంటీమీటర్లు ఉండాలి. నాలుగు A4 కాగితాలు పరిచినంత. సహజంగా ఒంటరిగా తిరుగుతూ నీటిలో ఈదే జంతువుకు అక్కడ ఈత అన్నదే లేదు. పరీక్షలో ఎంత మంచి మార్కులొచ్చినా సిలబస్‌లో లేని ప్రశ్నకు జవాబు దొరకదు. పథకం నిరుపయోగం అనడానికి లేదు, అధ్వానంగా నడిచే ఫారాలను అది బయటపెట్టగలదు. అయితే ఫర్ పెంపకం ఉండాలా వద్దా అనే చర్చకు దాన్ని జవాబుగా చూపించడం వల్ల దాని విలువ పెరగలేదు, తగ్గింది.

2020: జూన్ నుంచి నవంబర్ దాకా

మింక్ ఫారాల్లో కరోనా మొదట బయటపడింది నెదర్లాండ్స్‌లో, 2020 ఏప్రిల్‌లో. డెన్మార్క్‌లో మొదటి ఫారం జూన్‌లో. మనుషుల నుంచి మింక్‌లకు సోకింది, వేలాది జంతువులు పక్కపక్కనే ఉన్న షెడ్లలో వేగంగా పాకింది, తిరిగి మనుషులకు అంటుకుంది. మొదట్లో సోకిన మందలను చంపారు, తర్వాత కొంతకాలం చంపకుండా కట్టడి చేసి చూశారు, అక్టోబర్ మొదట్లో మళ్లీ చంపడం మొదలుపెట్టి, ఈసారి సోకిన ఫారం చుట్టూ సుమారు 8 కిలోమీటర్ల లోపు ఉన్న ఆరోగ్యవంతమైన మందలనూ చేర్చారు. నవంబర్ 4 నాటికి 207 ఫారాల్లో వైరస్ తేలింది. ‘క్లస్టర్ 5’ అనే రూపాంతరం ఉత్తర జుట్‌ల్యాండ్‌లో 12 మందిలో కనిపించింది. రాబోయే టీకాలు దాని మీద సరిగా పనిచేయవేమోనన్న భయమే దేశమంతటా చంపాలన్న నిర్ణయానికి ఊపునిచ్చింది.

జబ్బు జోన్ల బయట ఉన్న ఆరోగ్యవంతమైన జంతువులను చంపమనే అధికారం అప్పటి చట్టంలో లేదు. కొన్ని రోజుల్లోనే ఆ సంగతి బయటపడింది. వ్యవసాయ మంత్రి మోగెన్స్ యెన్సెన్ నవంబర్ 18న రాజీనామా చేశారు. ఆ మరునాడే క్లస్టర్ 5 బహుశా అంతరించిందని ఆరోగ్యశాఖ ప్రకటించింది. చట్టం డిసెంబర్‌లో వచ్చింది, అప్పటికే దాదాపు అన్ని జంతువులూ చచ్చిపోయాయి. హడావిడిగా సైనిక స్థలాల్లో పాతిపెట్టిన కళేబరాలు గ్యాస్ పట్టి ఉబ్బి నేల పైకి తేలాయి. 2021లో వాటిని తవ్వి తీసి కాల్చాల్సి వచ్చింది. విచారణ సంఘం 2022 జూన్ 30న ఇచ్చిన నివేదిక, ప్రధాని మాటలు తీవ్రంగా తప్పుదోవ పట్టించేవని, అయితే చట్టబలం లేదని ఆమెకు అప్పుడు తెలియదని తేల్చింది. అదే ఏడాది నవంబర్ 1న ముందస్తు ఎన్నికలు జరగడానికి ఈ నివేదికే మూలం. ఆ ఎన్నికల్లో ఆమే మళ్లీ గెలిచారన్నది వేరే సంగతి.

సంఘం విషయానికొస్తే, నవంబర్ 12 నిర్ణయం తొందరపాటులా కనిపిస్తుంది. లెక్క వేస్తే అలా అనిపించదు. గ్రేడింగ్ యంత్రాలు, భవనాలు, నిపుణులు, విదేశాల్లో ప్రచారం, ఇవన్నీ తోళ్లు వచ్చినా రాకపోయినా మోయాల్సిన ఖర్చులు. ఏటా కోటికి పైగా తోళ్ల మీద పంచుకుంటే అది భారం కాదు. సున్నా మీద పంచలేరు. చచ్చినవాటిలో తోలు కోసం పెంచినవే కాదు, తల్లి జంతువులూ ఉన్నాయి. ఏ రంగు, ఏ ఒత్తు, ఎంత సైజు అని దశాబ్దాలుగా ఎంచి పెంచిన వంశాలవి. మళ్లీ అక్కడికి రావాలంటే ఏళ్లు పడుతుంది. అన్నాళ్లు ఖాళీ వేలంశాలను నడపడానికి రైతుల డబ్బు ఖర్చు చేయడమా, ఉన్న సొమ్ము కరిగిపోకముందే పద్ధతిగా మూసేయడమా? ఆరోగ్యవంతమైన ఫారాల్లో ఆ ఏడు తీసిన తోళ్లూ, గోదాముల్లో మిగిలినవీ కొన్ని సీజన్లకు సరిపోయే సరుకు. అవి అమ్మేదాకా నడిపి ఆపుదామన్నది నిర్ణయం. వింత ఏమిటంటే, సరుకు ఇక రాదని తెలిసి 2021 వేలాల్లో ధరలు పెరిగాయి.

ఇక మిగిలింది బేరం. 2021 జనవరిలో కుదిరిన రాజకీయ ఒప్పందం రైతులకూ, మింక్ మీద ఆధారపడిన ఇతర వ్యాపారాలకూ కలిపి పరిహారాన్ని సుమారు 16 నుంచి 19 బిలియన్ క్రోనర్ల మధ్య అంచనా వేసింది. 2019లో తోళ్ల ఎగుమతి సుమారు 5 బిలియన్ క్రోనర్లు. అంటే మూడు నాలుగేళ్ల ఎగుమతికి సమానం. పోయిన జంతువులకే కాక భవిష్యత్తు ఆదాయానికీ పరిహారం లెక్కగట్టారు. దేశంలోని తోళ్లు దాదాపు అన్నీ ఒకే సంస్థ ద్వారా అమ్ముడవడం వల్ల ఏ ఫారం ఎన్ని తోళ్లు పంపింది, ఏ ధర వచ్చింది అన్నది కచ్చితంగా రికార్డుల్లో ఉంది. నష్టం కాగితం మీద చూపించగలిగినవాడికి బేరంలో ఎప్పుడూ పైచేయే.

పక్క దేశాల్లో

నెదర్లాండ్స్ సంఘం నడిచిన దారి వేరు. దానికి సొంత వేలంశాల లేదు. రైతులు తోళ్లను బయటి వేలాలకే పంపేవారు. కాబట్టి దాని ప్రధాన పాత్ర రాజకీయంగానూ కోర్టుల్లోనూ పోరాడటం. 2024 నుంచి మింక్ పెంపకం నిషేధిస్తూ అక్కడ చట్టం వచ్చినప్పుడు సంఘం కోర్టుకెళ్లింది. 2014లో హేగ్ జిల్లా కోర్టు సంఘం వైపు తీర్పిచ్చింది, 2015లో అప్పీలు కోర్టు దాన్ని తిప్పేసింది, 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు నిషేధాన్నే ఖాయం చేసింది. కరోనాతో గడువు 2021 మొదట్లోకే జరిగింది. నార్వేలో 2019లో చట్టం వచ్చింది, 2025 ఫిబ్రవరి నుంచి నిషేధం పూర్తిగా అమల్లోకొచ్చింది.

డెన్మార్క్‌కు దగ్గర పోలిక ఫిన్లాండ్. అక్కడి సంఘం 1928లో పుట్టింది, వాంటాలో ఉన్న ‘సాగా ఫర్స్’ వేలం సంస్థలో ప్రధాన వాటా దానిదే. కానీ సాగా హెల్సింకి స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైన కంపెనీ, మింక్‌తో పాటు నక్కల, రకూన్ కుక్కల తోళ్లూ అమ్ముతుంది, విదేశీ సరుకు మీద కూడా ఆధారపడుతుంది. సంఘమూ సంతా ఒకే ఒంటి భాగాలు కావు. 2023 వేసవిలో పక్షుల ఫ్లూ అక్కడి ఫర్ ఫారాల్లోకి దూరి 70కి పైగా ఫారాలకు పాకింది, నాలుగైదు లక్షల జంతువులను చంపారు. పరిశ్రమకు గట్టి దెబ్బే అది. వేలం మాత్రం ఆగలేదు. కోపెన్‌హాగెన్ ఖాళీ చేసిన చోటులో చాలా భాగం సాగాకే దక్కింది. అయితే వాటాలు అమ్ముకోగలిగిన కంపెనీని రైతులు ‘మనది’ అనుకోవడం కొంచెం కష్టం. సహకార సంఘం ఇచ్చిన పట్టు సాగాకు లేదు, ఆ సంఘానికి వచ్చిన ముప్పూ సాగాకు లేదు.

ఇప్పుడు తకరారు దేని మీద

యూరప్‌లో ఫర్ పెంపకాన్నే నిషేధించాలంటూ వచ్చిన పౌరుల అర్జీకి 15 లక్షలకు పైగా సంతకాలు చెల్లుబాటయ్యాయి. 2023 జూన్‌లో అది యూరోపియన్ కమిషన్‌కు చేరింది. కమిషన్ వెంటనే అవుననలేదు, కాదనలేదు, యూరప్ ఆహార భద్రతా సంస్థను శాస్త్రీయ అభిప్రాయం అడిగింది. 2025 జులైలో వచ్చిన ఆ అభిప్రాయం, ప్రస్తుత పంజరాల పద్ధతిలో ఉంటూ జంతువుల ముఖ్యమైన బాధలను చెప్పుకోదగ్గంత తగ్గించడం సాధ్యం కాదని తేల్చింది. వెల్‌ఫర్ లాంటి పథకాల పునాదికే ఇది తగులుతుంది. మార్కులు పెంచుకుంటూ పోవచ్చన్నది సంఘాల వాదన. పైకప్పే తక్కువ ఎత్తులో ఉందన్నది ఈ అభిప్రాయం.

మన దేశంలో ఫర్ పెంపకం పరిశ్రమగా లేదు. 2017 జనవరి నుంచి మింక్, నక్క, చించిల్లా తోళ్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది కూడా. కాబట్టి తెలుగు పాఠకుడికి ఇందులో పనికొచ్చేది ఫర్ సంగతి కన్నా సంఘం నిర్మాణం. మన పొగాకు వేలాలు ప్రభుత్వ బోర్డు నడుపుతుంది. కోడిగుడ్ల ధర రైతుల సమన్వయ కమిటీ అయిన ‘నెక్’ రోజూ ప్రకటిస్తుంది కానీ గుడ్లు దాని చేతిమీదుగా అమ్ముడుకావు. మిర్చికి అప్పు ఒకరిది, యార్డు ఇంకొకరిది, గోదాము వేరొకరిది. అన్ని పనులూ రైతుల ఒకే సంస్థ చేతిలో ఉంటే దళారుల వాటా తగ్గుతుంది, సమాచారం రైతు దగ్గరే ఉంటుంది. అదే సమయంలో ఒక్క దెబ్బకు అన్నీ కలిసి పడతాయి. మన దగ్గర పనులు చీలి ఉండటం వల్ల రైతు నలిగిపోతాడు గానీ వ్యవస్థ ఒక్కసారిగా కూలదు. ఏది మేలన్నదానికి పంటను బట్టి జవాబు మారుతుంది.

డెన్మార్క్‌లో మింక్ పెంపకం మీద పెట్టిన తాత్కాలిక నిషేధం 2022 చివరితో ముగిసింది. 2023 జనవరి నుంచి మింక్ పెంచడం మళ్లీ చట్టబద్ధమే. అయినా ఫారాన్ని నిద్రాణంగా ఉంచి తర్వాత తెరుచుకోవచ్చన్న అవకాశాన్ని వాడుకున్నవాళ్లు చాలా కొద్దిమంది. మిగతా అందరూ శాశ్వత మూసివేతనే ఎంచుకున్నారు. పరిహారం లెక్కలు ఒక కారణం, రైతుల వయసు ఇంకో కారణం. మళ్లీ మొదలుపెట్టినవాళ్లు జంతువులను విదేశాల నుంచి తెచ్చుకోవాలి, మేతకు వంటశాల వెతుక్కోవాలి, పిల్లల మీద అడ్వాన్సు అడగడానికి తెలిసిన గుమ్మం లేదు, తీసిన తోళ్లు గ్రేడింగ్ కోసం దేశం దాటాలి.